డిజిటల్ చిత్రకళాభిమానుల సంఘం వార్షిక నివేదిక – 2025

గౌరవనీయులైన సభ్యులకు నమస్కారం.

2025 సంవత్సరంలో మన సంఘం చేపట్టిన కార్యక్రమాల నివేదికను సర్వసభ్య సమావేశం ముందు ఉంచుతున్నాను. పగలంతా ఉద్యోగం, చదువు, ఇంటి పనులు చక్కబెట్టుకొని రాత్రి పూట పెన్ ట్యాబ్లెట్ ముందు కూర్చునేవాళ్లమే మనలో ఎక్కువమంది. ఈ కళ మనకు జీవనాధారం కాదు కనుక ఏం గీయాలో, ఎవరి కోసం గీయాలో నిర్ణయించుకునే స్వేచ్ఛ మనకు ఉంది. ఆ స్వేచ్ఛను ఈ ఏడాది ఒకే ప్రశ్న మీద వెచ్చించాలని గత సర్వసభ్య సమావేశంలో తీర్మానించుకున్నాం. బొమ్మ తనంతట తానే కథ చెప్పేస్తుందా, లేక చూసేవారికీ ఆడేవారికీ కొంత పని మిగిల్చినప్పుడే అది కథ అవుతుందా అన్నదే ఆ ప్రశ్న. నెలవారీ సమావేశాలు, శిక్షణ తరగతులు, ప్రదర్శన అన్నీ దీని చుట్టూనే నడిచాయి. ఏడాది పొడవునా సభ్యుల పని చూసిన తరువాత రెండో మాటే నిజమని నేను గట్టిగా నమ్ముతున్నాను.

పటం కథల అధ్యయనం

సంవత్సరారంభంలో చేర్యాల నకాషీ పటాల మీద అధ్యయనం జరిపాం. సిద్దిపేట జిల్లాలోని చేర్యాలలో నేటికీ కొన్ని కుటుంబాలు ఈ పని చేస్తున్నాయి, ఈ చిత్రకళకు భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. బట్టకు గంజి, సుద్దమట్టి, చింతగింజల అంబలి, జిగురు పూసి, ఆరబెట్టి, దాని మీద ఎర్రటి నేపథ్యంలో కథను వరుస గడులుగా చిత్రిస్తారు. పద్మశాలీలకు కూనపులివారు, ముదిరాజులకు కాకిపడగలవారు, మాదిగలకు డక్కలివారు ఇలాంటి పటాలు పట్టుకొని ఊరూరా తిరిగి కులపురాణాలు చెప్పేవారు. పటం ఎన్నో గజాల పొడవు ఉన్నా కథకుడు మొత్తాన్ని ఒకేసారి విప్పడు. చెబుతున్న ఘట్టం మేరకే విప్పి, పుల్లతో బొమ్మను చూపిస్తూ, పాడుతూ, మాట్లాడుతూ ముందుకు వెళతాడు. చుట్టలో మిగిలిన బొమ్మలు ఉన్నాయని ప్రేక్షకులకు తెలుసు, కానీ అవి ఎప్పుడు బయటికి వస్తాయో నిర్ణయించేది కథకుడే.

మన సభ్యులకు ఈ అధ్యయనం వల్ల ఒరిగిన మేలు చిన్నది కాదు. తెర మీద బొమ్మ వేసేవారికి ఉన్నదంతా ఒకే చట్రంలో చూపించాలన్న ఆరాటం సహజం. జుట్టులో ప్రతి వెంట్రుకా, చీరలో ప్రతి మడతా, వెనక కొండ మీద ప్రతి చెట్టూ గీయడానికి క్రీటా వంటి సాఫ్ట్‌వేర్‌లో లేయర్లకు (బొమ్మలోని భాగాలను విడివిడిగా గీసుకునే పొరలకు), బ్రష్షులకు కొరత లేదు. పటం కథకులను చూశాక అదే సభ్యులు ఒక జానపద కథను నిలువు పటంలా గీసి, ఫోన్ తెర మీద వేలితో పైకి జరుపుతుంటే ఒక్కో ఘట్టమే కనిపించేలా తయారు చేశారు. రెండు ఘట్టాల మధ్య పటాల్లో ఉండే పూల అంచునే హద్దుగా పెట్టుకున్నారు. తలుపు తట్టిన ఘట్టానికీ తలుపు తెరిచిన ఘట్టానికీ మధ్య వెడల్పైన ఖాళీ ఎరుపు వదిలారు. చూసేవారి వేలు ఆ ఎరుపు మీద ఆగి నిలవడం ప్రదర్శనలో నేను స్వయంగా గమనించాను.

దీనికి కొనసాగింపుగా తోలుబొమ్మల మీద ఒక చర్చ పెట్టుకున్నాం. శ్రీ సత్యసాయి జిల్లా నిమ్మలకుంట కళాకారులు తోలును పలచగా చేసి, రంగులద్ది, సన్నని రంధ్రాలు పొడిచి బొమ్మలు తయారు చేస్తారు. వెనక నుంచి దీపం వెలుగు పడినప్పుడే ఆ రంగులకు ప్రాణం వస్తుంది. మనం చూసే తెర కూడా వెనక నుంచి వెలిగేదే. తెర మీద మిరుమిట్లు గొలిపిన ఆకుపచ్చ, నీలం రంగులు అచ్చులో మసకబారడానికి కారణం అదే. తెర ఎరుపు, ఆకుపచ్చ, నీలం వెలుగులను కలిపి రంగు పుట్టిస్తుంది, అచ్చు యంత్రం నాలుగు సిరాలతో కాగితం మీద పడిన వెలుగును కొంత మింగేసి రంగు చూపిస్తుంది. ప్రదర్శనకు అచ్చు వేయించే ప్రతి చిత్రానికీ ముందుగా నమూనా ప్రతి తీయించాలని ఈ చర్చ దరిమిలా నిర్ణయించాం.

పులి–మేక ఆట

ఈ ఏడాది మనం చేసిన పనులన్నిటిలోనూ నేను ఎక్కువ విలువనిచ్చేది పులి–మేక ఆటకు డిజిటల్ రూపం తయారు చేయడం. పాత గుళ్ల మండపాల్లో బండల మీద చెక్కిన ఈ ఆట గీతలను మనలో చాలామందిమి చూశాం. ఇరవై మూడు కూడళ్లు, 3 పులులు, 15 మేకలు. మేకలను ఒక్కొక్కటిగా పలక మీద పెట్టాలి, అన్నీ పెట్టేదాకా వాటిని కదపకూడదు. పులి మాత్రం మొదటి నుంచీ కదులుతుంది, పక్కనున్న మేక మీదుగా ఖాళీ కూడలిలోకి దూకి దాన్ని చంపుతుంది. మేకకు చంపే హక్కు లేదు. మేకలన్నీ ఒద్దికగా నిలబడి పులులకు కదిలే చోటు లేకుండా కట్టడి చేయడమే వాటి గెలుపు. బలవంతులు కొద్దిమంది, బలహీనులు ఎక్కువమంది ఉన్న చోట ఎవరు ఎలా నెగ్గుతారన్న కథ మొత్తం ఈ నియమాల్లోనే ఉంది. అందులో పాత్రలకు పేర్లు లేవు, సంభాషణలు లేవు, అయినా ఆడిన ప్రతిసారీ ఒక కథ నడుస్తుంది.

మొదట తయారైన నమూనాలో పులులను భీకరంగా, మేకలన్నిటినీ ఒకే అచ్చుగా గీశారు. ఆట బాగానే ఆడింది. ఒక మేకను ఎరగా వదిలి పులిని మూలకు లాగడం అనుభవమున్న ఆటగాళ్లు అలవాటుగా చేసే ఎత్తు, ఆ ఎత్తును అందరూ జంకు లేకుండా వేశారు. తరువాత మన సభ్యురాలొకరు పదిహేను మేకలనూ వేరువేరుగా గీసి తెచ్చారు. ఒకదానికి మెడలో గంట, ఒకదానికి చిరిగిన చెవి, ఒకటి చూలుతో ఉన్నది, ఒకటి తల్లి పక్కనే నిలబడ్డ పిల్ల. నియమాల్లో ఒక్కటీ మారలేదు, కూడళ్లు మారలేదు, గెలిచే దారి మారలేదు. కానీ ఎర వేయవలసి వచ్చేసరికి ఆడేవారి చెయ్యి తటపటాయించింది. ఏ మేకను వదలాలి అని పక్కవారిని అడిగినవారున్నారు. చూలు మేకను కాపాడుకోవడానికి ఆటనే ఓడిపోయిన పిల్లవాడొకడున్నాడు. బొమ్మ గీసేవారి చేతిలో ఎంత శక్తి ఉందో, ఎంత బాధ్యత ఉందో నాకు ఆ పూట తెలిసినంతగా మరెప్పుడూ తెలియలేదు. సమాజంలోనూ ఎవరో ఒకరిని ఎరగా వదిలేయడం తేలికయ్యేది వారి ముఖం మనకు కనిపించనప్పుడేనని ఆనాటి చర్చలో ఒక పెద్దాయన అన్నారు. ఆ మాట సమావేశ వివరాల్లో యథాతథంగా నమోదు చేశాం.

వైకుంఠపాళికి కూడా కొత్త బొమ్మలు వేయాలన్న ప్రతిపాదన వచ్చింది. పాములకు అసురుల పేర్లు, నిచ్చెనలకు సద్గుణాల పేర్లు పెట్టిన ఆ పటం చిత్రకారులకు ఆకర్షణీయమైనదే. అయితే అందులో గవ్వలు పడిన కొద్దీ నడవడమే తప్ప ఆటగాడు ఎంచుకునేదేమీ లేదు కనుక మన ప్రశ్నకు అది దూరమని భావించి ప్రస్తుతానికి పక్కన పెట్టాం.

కొమ్మలు వేసే కథలు

వేసవిలో పాఠకుడి ఎంపికను బట్టి మలుపు తిరిగే కథల మీద శిక్షణ తరగతులు నిర్వహించాం. ఇందుకు క్రిస్ క్లిమాస్ 2009లో విడుదల చేసిన ట్వైన్ అనే ఉచిత సాధనాన్ని ఉపయోగించాం. నమూనాగా తీసుకున్నది మాత్రం మన బేతాళ కథల చట్రాన్నే. రాజు శవాన్ని భుజాన వేసుకొని మౌనంగా నడవాలి. బేతాళుడు కథ చెప్పి చివర చిక్కు ప్రశ్న వేస్తాడు. తెలిసి చెప్పకపోతే తల పగులుతుంది, చెబితే మౌనం భగ్నమై శవం తిరిగి చెట్టెక్కుతుంది. ఏది ఎంచుకున్నా నష్టం ఉండే ఇటువంటి అమరిక కోసమే ఆటలు రాసేవారు తలలు పట్టుకుంటారు, మనకు అది చిన్ననాటి నుంచే పరిచితం. చందమామలో ఈ కథలకు కత్తి పట్టిన రాజు, భుజాన శవం ఉన్న బొమ్మ గీసిన శంకర్ గారికి మరణానంతరం 2021లో పద్మశ్రీ ప్రకటించారు. ఆ బొమ్మలో రాజు నడుస్తూనే ఉంటాడు, ఎక్కడికీ చేరడు. చేరకపోవడమే ఆ కథ నడిచే తీరు కనుక ఆ ఒక్క బొమ్మ అన్ని కథలకూ సరిపోయింది. శిక్షణలో పాల్గొన్నవారు ఈ కాలపు చిక్కు ప్రశ్నలతో సొంత కథలు రాశారు. అద్దె ఇంటి పంచాయతీ, అన్నదమ్ముల పొలం వాటా, పరీక్షలో స్నేహితుడికి చూపించడమా మానడమా వంటివి అందులో ఉన్నాయి. పొలం వాటా కథ మీద జరిగిన వాదన హాలు మూసే వేళ దాటినా ఆగలేదు.

తెర మీద తెలుగు

ఆటల్లో తెలుగు అక్షరాలు సరిగా కనిపించకపోవడం మన సభ్యులను ఏళ్లుగా వేధించిన సమస్య. ఆటలు తయారు చేసే గోడాట్ అనే సాఫ్ట్‌వేర్ పాత వెర్షన్లలో ‘రాష్ట్రం’ అని రాస్తే ఒత్తులు కిందికి దిగకుండా ష, ట, ర విడివిడిగా, మధ్యలో పొల్లు గుర్తులతో బారుగా కనిపించేవి. అందువల్ల ప్రతి వాక్యాన్నీ బొమ్మగా చేసి అతికించవలసి వచ్చేది, ఒక్క అక్షరం దిద్దాలన్నా మళ్లీ బొమ్మ గీయవలసిందే. 2023 మార్చిలో వచ్చిన నాలుగో వెర్షన్ నుంచి ఒత్తులు, గుణింతాలు వాటి స్థానాల్లో అమరుతున్నాయి. ఈ ఏడాది మన ఆటలన్నీ దీనితోనే తయారయ్యాయి. పిల్లలు తెలుగులో చదువుతూ ఆడుకునే ఆటలు రావాలంటే ఇటువంటి కనపడని మరమ్మతులే ముఖ్యం. వీటి కోసం స్వచ్ఛందంగా శ్రమిస్తున్న ప్రోగ్రామర్లకు ఈ నివేదిక ద్వారా కృతజ్ఞతలు తెలుపుతున్నాను.

ఆటలు, తల్లిదండ్రులు, చట్టం

ఆగస్టులో పార్లమెంటు ఆన్‌లైన్ గేమింగ్ చట్టాన్ని ఆమోదించింది. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను అది నిషేధించింది, ఈ–స్పోర్ట్స్‌నూ పందెం లేని ఆటలనూ వేరుగా గుర్తించింది. తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో తమ జూద చట్టాలను సవరించి ఆన్‌లైన్ పందేలను అప్పటికే అడ్డుకున్నాయి. ఆటల పేరుతో అప్పుల పాలైన కుటుంబాల బాధ మనకు తెలియనిది కాదు, ఈ చట్టాన్ని మన సంఘం స్వాగతించింది. దీని తరువాత కొందరు తల్లిదండ్రులు తమ పిల్లలు ఆటలు తయారు చేయడం నేర్చుకోవడం మీద కూడా అనుమానం వ్యక్తం చేశారు. వారిని సమావేశానికి పిలిచి, పులి–మేక ఆట ఆడించి, పందెం లేని ఆటలో ఏముంటుందో చూపించాం. వాదించి ఒప్పించడం కంటే ఇది మేలైన పద్ధతి అని నా అభిప్రాయం.

యంత్రాలు పుట్టించే బొమ్మలు, చిత్రాల హక్కులు

కృత్రిమ మేధతో పుట్టించిన చిత్రాలను ప్రదర్శనకు అనుమతించాలా అన్న విషయం మీద సభ్యుల మధ్య తీవ్రమైన అభిప్రాయ భేదాలు వచ్చాయి. ఆటలు అమ్మే స్టీమ్ వేదిక 2024 జనవరి నుంచి ఇటువంటి చిత్రాల వాడకాన్ని వెల్లడించాలని తయారీదారులను కోరుతోంది. మన కార్యవర్గం అంతకంటే ఒక అడుగు ముందుకు వేసి, ప్రదర్శనలో పెట్టే ప్రతి చిత్రానికీ లేయర్లతో కూడిన మూల ఫైలు చూపించాలని నియమం పెట్టింది. పులి–మేక ఆటలో మేకలను వేరువేరుగా గీయాలన్న నిర్ణయం ఒక మనిషి, మన సభ్యురాలు, తీసుకున్నది. చెవి చిరిగి ఉండాలని ఎందుకు అనిపించిందో ఆమె చెప్పగలరు. ఆ నిర్ణయాలను కాపాడటమే ఈ నియమం ఉద్దేశం.

మన సభ్యుడొకరు వేసిన అమ్మవారి చిత్రాన్ని అనుమతి లేకుండా ఒక పండుగ ఫ్లెక్సీ మీద అచ్చు వేసి, కింద సంతకాన్ని చెరిపేసిన సంఘటన ఈ ఏడాది జరిగింది. చిత్రం గీసిన క్షణం నుంచే దానిపై హక్కు చిత్రకారుడిదేననీ, 1957 నాటి కాపీరైట్ చట్టం ప్రకారం అందుకు నమోదు తప్పనిసరి కాదనీ వివరిస్తూ సంఘం తరఫున లేఖ రాశాం. నిర్వాహకులు చిత్రకారుడి పేరుతో కొత్త ఫ్లెక్సీ కట్టించారు. సభ్యులందరూ తమ మూల ఫైళ్లను తేదీలతో సహా భద్రపరచుకోవాలని కోరుతున్నాను.

జమాఖర్చుల పట్టికను కోశాధికారి విడిగా సమర్పిస్తారు. హాలు అద్దె, అచ్చు ఖర్చులు మినహా పెద్ద వ్యయమేమీ లేదు.

రాబోయే సంవత్సరానికి మూడు ప్రతిపాదనలు చేస్తున్నాను. పులి–మేక ఆటను ఉచితంగా విడుదల చేసి, దాని బొమ్మల మూల ఫైళ్లను కూడా అందరికీ అందుబాటులో ఉంచాలి. చేర్యాల చిత్రకారులను తగిన పారితోషికంతో ఆహ్వానించి, మన సభ్యులు బట్ట మీద రంగులతో పని నేర్చుకునే తరగతులు పెట్టాలి. విదేశాల్లోని తెలుగు సభ్యుల కోరిక మేరకు బేతాళ కథల శిక్షణను వారి పిల్లలకు వీలైన సమయంలో ఆన్‌లైన్‌లో మరోసారి నిర్వహించాలి. వీటిని చర్చించి ఆమోదించవలసిందిగా సర్వసభ్య సమావేశాన్ని కోరుతున్నాను.

కార్యదర్శి