శ్రీకాకుళం జిల్లా కాంగ్రెస్ అధ్యక్షులకు ఒక పాత ఓటరు బహిరంగ లేఖ

అధ్యక్షులు గారికి నమస్కారం.

2009లో ఈ జిల్లాలో 10 అసెంబ్లీ సీట్లకు 9 మనవే. టీడీపీ పెద్ద నాయకుడు ఎర్రన్నాయుడు గారంతటి వారి మీద కిల్లి కృపారాణి గారు ఎంపీగా గెలిచారు. 2014 నుంచి ఒక్క ఎమ్మెల్యే లేడు. 2019లోనైతే రాష్ట్రం మొత్తమ్మీద నోటాకు పడ్డన్ని ఓట్లు కూడా మనకు పడలేదు. విభజన కోపం అంటారు, నిజమే. కానీ అన్నిటికీ అదే సాకైతే ఎలాగండీ? ధర్మాన సోదరులు వైసీపీలోకి వెళ్లాక ఊళ్లలో మిగిలిన కార్యకర్తను పలకరించిన నాథుడు లేడు.

మొన్నటి పోలింగ్ రోజు మా బూత్‌లో మిగతా పార్టీల ఏజెంట్లు జాబితా మీద స్కేలు పెట్టి ఓటేసినవాళ్ల పేర్లు కొట్టుకుంటున్నారు. మన ఏజెంటు కుర్చీలో ఎవరిదో టిఫిన్ క్యారేజీ ఉంది!

ఉద్దానంలో కిడ్నీ రోగుల డయాలసిస్ కష్టాలు, జీడిపిక్కల రేటు, వేటకని గుజరాత్ పోయే మత్స్యకారులు... మాట్లాడటానికి విషయాలు లేకనా? ప్రెస్‌మీట్ పెట్టి ఢిల్లీ సంగతులు చదివితే పలాసలో ఎవరు వింటారు?

ఎంపీటీసీ, జడ్పీటీసీ టికెట్ల టెన్షన్ తర్వాత. ముందు బూత్‌కొక మనిషిని చూడండి. పాతవాళ్లకు ఫోన్ చెయ్యండి, తిట్టినా వినండి.

ఇట్లు,
టెక్కలి ఓటరు