ఈ బడ్జెట్‌లో ఒక ముడుపు కట్టండి

గౌరవనీయులైన రాష్ట్ర విద్యాశాఖ మంత్రి గారికి,

తిరుపతి నుంచి నమస్కారాలు.

మొన్న మా క్యాంపస్‌లో ఏడాది చివరి కృతజ్ఞతా సభ జరిగింది. ప్రతి డిసెంబరులోనూ జరిగేదే. పాలనా భవనం ముందు షామియానా వేసి, పొంగలి, పులిహోర, వడ, పాయసం వండించి, ఊడ్చేవాళ్లను, హాస్టల్ వంటవాళ్లను, కాపలావాళ్లను, తోటపనివాళ్లను ఒక్కొక్కరినే పేరుపెట్టి పిలిచి శాలువా కప్పుతాం. ధనుర్మాసపు సాయంత్రం కదా, కొండ మీది నుంచి చలిగాలి దిగుతుంటే ఆ ఒక్క పూట శాలువాకు పని కూడా ఉంటుంది.

మా విభాగం వరండా ఊడ్చే పెద్దావిడ శాలువా కప్పించుకొని, ఫొటో దిగి, వేదిక దిగాక దాన్ని మడత నలగకుండా మళ్లీ ప్లాస్టిక్ సంచిలోకి దూర్చింది. నా దగ్గరికి వచ్చి, గొంతు తగ్గించి, "అయ్యా, దీన్ని అంగట్లో తిరిగి తీసుకుంటారా?" అని అడిగింది. ఎందుకమ్మా అన్నాను. ఇది ఐదోదట. మొదటి నాలుగూ కలిపి కోడలు మనవడికి బొంత కుట్టింది. జరీ అంచు గుచ్చుకుంటుందని వాడు దాన్ని తిరగేసి కప్పుకుంటాడట. "ఐదోదానితో ఇంట్లో పని లేదు. మార్చి ఇస్తే ఒక దుప్పటి తెచ్చుకుంటాను" అంది. ఆ శాలువాల బిల్లు పాస్ చేసింది నేనే. అందుకే ఈ ఉత్తరం కూడా నేనే రాయవలసి వచ్చింది.

నేను ఇక్కడి ఒక ప్రభుత్వ విశ్వవిద్యాలయంలో లెక్కల విభాగం సూపరింటెండెంటును. దాని పేరుతో ఈ ఉత్తరానికి పని లేదు. మరో ఏడాదిన్నరలో రిటైరవుతాను. డిసెంబరులో నా బల్ల మీదికి రెండు ఫైళ్లు ఒకే వారంలో వస్తాయి. ఒకటి సభ ఖర్చులది: శాలువాలు, జ్ఞాపికలు, ఫ్లెక్సీ, మైకు. రెండోది వచ్చే ఏప్రిల్ నుంచి మొదలయ్యే సంవత్సరానికి బడ్జెట్ అంచనాలు. ఉదయం మొదటి ఫైల్లో మనుషులకు ధన్యవాదాలు చెబుతాం. మధ్యాహ్నం రెండో ఫైల్లో అదే మనుషులను ఎక్కడ పెట్టాలో తోచక ఏదో ఒక మూల సర్దుతాం.

తిరుపతిలో పుట్టి పెరిగినవాడికి ముడుపు అంటే ఏమిటో ఎవరూ చెప్పనక్కరలేదు. బిడ్డకు జ్వరం తగ్గకపోతేనో, బోరు ఎండిపోతేనో పసుపు గుడ్డలో నాలుగు రూపాయలు కట్టి దేవుడి గూట్లో పెడతారు. ఆ తర్వాత ఇంట్లో ఉప్పుకు లేకపోయినా ఆ మూట విప్పరు. కొండెక్కి హుండీలో వేసేదాకా అది ఇంట్లోనే ఉంటుంది, ఇంటివాళ్లది మాత్రం కాదు. ఇలాంటి మూటల మీదే ఈ ఊరి చదువులు లేచాయి. దేవస్థానం 1939లో ప్రాచ్య పరిశోధన సంస్థను, 1945లో ఎస్వీ ఆర్ట్స్ కళాశాలను పెట్టింది. 1954లో శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం మొదలైతే దానికి భూములు ఇచ్చింది. నిజానికి కృతజ్ఞతా సభ అంటూ పెడితే ముందు పిలవవలసింది, ఏ పల్లెలోనో ఆకలేసినా ఆ మూట విప్పని రైతు భార్యను. ఆమెకు ఇప్పుడు శాలువా కప్పలేం. ఆమె పద్ధతినైనా పాటించవచ్చు. మా బడ్జెట్‌లో ఆ పద్ధతే కనబడదు.

మా అంచనాలు ఎలా తయారవుతాయో దాచడానికేమీ లేదు. పోయిన ఏడాది అంకె తీసుకొని పది శాతం కలుపుతాం. పై నుంచి కోత పడుతుందని తెలుసు కాబట్టి అక్కడక్కడా ఇంకో ఐదు కలుపుతాం. కోత వేసేవాళ్లకు మేము కలిపామని తెలుసు. ఇది ఇద్దరం మర్యాదగా ఆడుకునే ఆట. 2023 జులైలో మదనపల్లె మార్కెట్‌లో టమాటా కిలో దాదాపు 200 రూపాయలు పలికింది. ఆ ఏడు హాస్టల్ మెస్ అంచనాలో టమాటాకు కూడా అంతకు ముందటేడు ధర మీద పది శాతమే కలిపి ఉంది. మా వంటవాళ్లు రెండు నెలలు చింతపండుతో నెట్టుకొచ్చారు. రసం మామూలు కంటే బాగుందని పిల్లలు అన్నారు. ఆ మాట ఏ ఫైల్లోకీ ఎక్కలేదు.

ప్రభుత్వం మాకు ఏటా ఇచ్చే బ్లాక్ గ్రాంటులో సింహభాగం రెగ్యులర్ ఉద్యోగుల జీతాలకూ పింఛన్లకూ పోతుంది. పోవాలి కూడా, అందులో నా జీతం ఉంది. ఇక ఊడ్చేవాళ్లు, వంటవాళ్లు, కాపలావాళ్లలో ఎక్కువమంది ఏజెన్సీ ద్వారా వచ్చినవాళ్లు. వాళ్ల డబ్బు మా పుస్తకంలో జీతాల పద్దు కింద ఉండదు. 'ఇతర సేవలు' అనే పద్దులో, ఫినాయిల్ కొనుగోలుకూ జిరాక్స్ యంత్రం మరమ్మతుకూ నడుమ ఉంటుంది. ఆ పద్దు అందరిదీ. అతిథి గృహంలో ఏసీ చెడిపోతే అందులోంచే. తనిఖీ బృందం వస్తుందని గోడలకు రంగు వేయిస్తే అందులోంచే. తీరా నెలాఖరుకు తక్కువ పడితే ఫినాయిల్ ఆగదు, ఎందుకంటే ఆ కొట్టువాడు అరువివ్వడు. ఆగేది మనుషుల డబ్బు. ఒక ఏడాది వరుసగా మూడు నెలలు ఆగింది. ఆ మూడు నెలలూ వరండా రోజూ శుభ్రంగానే ఉంది.

వడ్డించేవాడు మనవాడైతే కడపంక్తిలో కూర్చున్నా ఫరవాలేదంటారు. మా దగ్గర వడ్డించేవాళ్లదే కడపంక్తి. మొన్న సభలో కూడా అతిథులు, అధ్యాపకులు, మేము తిన్నాకే వంటవాళ్లు ఆకుల ముందు కూర్చున్నారు. అప్పటికి పాయసం గుండిగ అడుగు గీకుతున్న చప్పుడు వినబడుతోంది. అది వాళ్లను సత్కరించడానికి పెట్టిన విందు.

ఇక వాన సంగతి. నిజానికి ఈ ఉత్తరం రాయడానికి వానే సగం కారణం.

మా వైపు అసలు వానలు ఈశాన్య రుతుపవనాలవి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా బంగాళాఖాతంలో ఏ చిన్న వాయుగుండం పట్టినా ముందు తడిసేది మేమే. 2021 నవంబరులో తిరుపతి వీధుల్లో నీళ్లు ఎలా పారాయో రాష్ట్రమంతా చూసింది. మరి భవనాల నిర్వహణకు డబ్బు చేతికి అందేది ఎప్పుడు? ఎక్కువసార్లు ఫిబ్రవరి ఆఖరున, లేదంటే మార్చిలో. మార్చి 31 దాటితే అది మురిగిపోతుంది. మార్చిలో మా కప్పు కారదు. టెండరు పిలిచి, పని చేయించి, కొలతలు వేయించి, బిల్లు పెట్టడానికి వ్యవధీ ఉండదు. అందుకని కుర్చీలు కొంటాం. కుర్చీలు ఒక్క రోజులో వస్తాయి, లెక్క పెట్టడం తేలిక, వినియోగ ధ్రువపత్రం అదే సాయంత్రం పంపవచ్చు. మా భవనంలో ఇప్పుడు మనుషుల కంటే కుర్చీలు ఎక్కువ. కొన్నింటిని నవంబరులో రికార్డు గదిలో వేసి, తడవకుండా రిజిస్టర్లను వాటి మీద పెడతాం. ఆ రకంగా ఆ డబ్బు వాన నష్ట నివారణకే ఖర్చయిందని ఆడిటర్‌తో వాదించవచ్చు. ఇంతవరకు వాదించలేదు.

ఏప్రిల్ నుంచి మార్చి దాకా లెక్క మన దేశంలో 1867 నుంచి నడుస్తోంది. దాన్ని పెట్టిన దొరలు తిరుపతి వానను చూసి పెట్టలేదు. దాన్ని మార్చమని మిమ్మల్ని అడగను, అది మీ చేతిలో పని కాదు.

ఈ నవంబరులో రికార్డు గది కారుతుంటే పది బకెట్లు పెట్టాం. కప్పు మీద కొత్త పొర వేయాలని లక్షల్లో అంచనా తయారైంది. శాలువా మార్పిస్తారా అని అడిగిన పెద్దావిడే ఆ రోజు గుమ్మంలో చీపురు పట్టుకొని నిలబడి, "పైన తూము మూసుకుపోయిందయ్యా. చప్పుడు రావడం లేదు" అంది. వాన పడితే గోడ వెంబడి గొట్టంలో నీళ్లు దిగే చప్పుడును ఆమె ఇరవై ఏళ్లుగా వింటోంది. ఈసారి అది వినబడలేదు. ఆ గది పక్కనే రోజుకు ఎనిమిది గంటలు కూర్చునే మాలో ఒక్కరికీ అది తట్టలేదు.

పైకి ఎక్కి చూద్దామంటే మాకు నిచ్చెన లేదు. కరెంటు పనివాళ్ల నిచ్చెన ఇంకో భవనంలో ఉంది. దాన్ని అడిగి తెచ్చేసరికి రెండు రోజులు పట్టింది. ఈలోగా ఒక వరుస పాత మార్కుల రిజిస్టర్లు ఉబ్బి, ఒకదానికొకటి అంటుకుపోయాయి. మూడో రోజు తోటమాలి ఎక్కాడు. తూము నోట్లో రావి ఆకులు, పావురం ఈకలు, ఒక క్రికెట్ బంతి. చేత్తో లాగేశాడు. కప్పు మీద చీలమండ లోతున నిలిచిన నీళ్లు సుడి తిరుగుతూ దిగిపోయాయి. కింద గొట్టంలో చప్పుడు మొదలవగానే పెద్దావిడ మావైపు చూసి నవ్వింది. సాయంత్రానికి పది బకెట్లు రెండయ్యాయి. ఆ రెండు బకెట్ల మేరకు కప్పు మరమ్మతు నిజంగానే కావాలి, కాదనను. మిగతా ఎనిమిదింటికి కావలసింది నిచ్చెన.

ఇది మనసులో ఉండి, మొన్న సభలో భోజనాలయ్యాక నేనొక పని చేశాను. అనుమతి తీసుకోలేదు, రిటైరవబోయే వయసులో కాస్త ధైర్యం వస్తుంది. అందరికీ తలా ఒక తెల్ల కాగితం ఇచ్చి, వచ్చే ఏడాది బడ్జెట్‌లో మీ పనికి ఏమి కావాలో రాయమన్నాను. రాయడం రానివాళ్లకు హాస్టల్ పిల్లలు కూర్చుని రాసిపెట్టారు. ఎవరైనా జీతాలు పెంచమని రాస్తారనుకున్నాను. ఇద్దరే రాశారు. మిగతావన్నీ పనిముట్లే. హాస్టల్ వంటగదికి పొగ లాగే ఫ్యాను. పెద్ద గుండిగకు ఊడిపోయిన చెవి అతికించడం. ఆడవాళ్లు బట్టలు మార్చుకోవడానికి గది, "లోపలి నుంచి గడియ ఉండాలి" అని కింద గీత గీసి మరీ. రాత్రి కాపలావాళ్లు టార్చిలైట్లు అడిగారు. కొండ కింద క్యాంపస్‌లకు చిరుత కనిపించిందన్న వార్త కొత్త కాదు. అలాంటి రోజు చీకటి పడ్డాక ఎవరూ హాస్టల్ దాటవద్దని నోటీసు రాస్తాం. చీకట్లో ఆ నోటీసు అంటించడానికి వెళ్లేది కాపలావాడే, తన ఫోను వెలుతురులో.

గది మాట పక్కన పెడితే, కాగితాల మీది మిగతా వస్తువులన్నింటికీ ధరలు కట్టి మొత్తం కూడి చూశాను. షామియానా, ఫ్లెక్సీ, శాలువాలు, జ్ఞాపికల బిల్లు కంటే కాస్త తక్కువే వచ్చింది. నమ్మలేక రెండోసారి కూడి చూశాను.

సంబరం వద్దని నా మాట కాదు. పేరు పెట్టి పిలిచినప్పుడు వాళ్ల ముఖాల్లో వెలుగు నేనూ చూశాను. ఏడాదంతా 'ఓయ్' అనిపించుకున్నవాడికి మైకులో తన ఇంటిపేరుతో సహా వినబడటం చిన్న సంగతి కాదు. పాయసం కూడా ఉండాలి, వచ్చే ఏడు ఇంకో గుండిగ ఎక్కువ ఉండాలి.

మిమ్మల్ని అడిగేది ముడుపు. ఊడ్చేవాళ్ల, వండేవాళ్ల, కాపలా కాసేవాళ్ల డబ్బును ఫినాయిల్ పక్కనుంచి తీసి విడి పద్దుగా కట్టించండి. ఏ అధికారికీ, ఏ ఏసీకీ, ఏ రంగు డబ్బాకూ దాని ముడి విప్పే అధికారం ఉండకూడదని ఉత్తర్వులోనే రాయించండి. భవనాల నిర్వహణ సొమ్ములో సగమైనా జూన్‌లోపు వదిలితే వానకు ముందే తూములు తీయించుకుంటాం. ఆ తర్వాత ఎన్ని కుర్చీలు కొన్నామో మీరే వచ్చి లెక్క పెట్టండి. ఇందుకు కొత్త డబ్బు అక్కరలేదని రాద్దామనుకున్నాను. కొంత కావాలి, అబద్ధం ఎందుకు. అంచనాలు విశ్వవిద్యాలయ ఆర్థిక సంఘం ముందుకు వెళ్లే ముందు ఒక పూట ఈ మనుషులను కూడా కూర్చోబెట్టి వినాలన్న నియమం ఉంటే నాలాగా దొంగచాటుగా కాగితాలు పంచే పని తప్పుతుంది.

మా ఫైలు జనవరిలో పైకి కదులుతుంది. అది మీ దాకా వచ్చేలోపు ఎన్ని బల్లలు దాటుతుందో, ఎవరి పెన్ను ఎక్కడ పడుతుందో నాకు తెలుసు. చిన్న అంకెల వరుసలు ముందుగా పోతాయి, కొట్టేయడం తేలిక కాబట్టి. పధ్నాలుగో పేజీలో కింది నుంచి మూడో వరుసలో 'అల్యూమినియం నిచ్చెన, ఇరవై అడుగులు, ఒకటి' అని ఉంటుంది. ఆ వరుస ఎవరు అడిగితే రాశానో మీకు ఇప్పుడు తెలుసు. ఫైలు మీ బల్ల మీదికి వచ్చినప్పుడు ఆ పేజీ ఒకసారి తిప్పి చూడండి.

ఇట్లు,
తమ విధేయుడు,
లెక్కల విభాగం సూపరింటెండెంటు,
తిరుపతి