ఊరు మారితే అంగి కోత మారాలె

దేవరకొండ

చిరంజీవి చిన్నోడికి,

నాలుగు నెలలు చెన్నైల ట్రైనింగు, డిసెంబరు, జనవరి ఢిల్లీ, ఆ తర్వాత లండన్ అని రాసినవు. మూడు ఊర్లకు మూడు తీర్ల బట్టలు కొనాల్నా అని అడిగినవు. ఇప్పుడే ఏదీ కొనకు. ఒక్కో ఊర్ల మగవాళ్లు ఒక్కో తీరుగ తయారయ్యేది సోకు కోసం తక్కువ, అక్కడి గాలికి, ఎండకు, పనికి ఎక్కువ. అది పట్టుకుంటే నీ పెట్టెల ఉన్నయి సగం అన్ని చోట్లకు పనికొస్తయి. మిగతా వాటికి కోత మారిస్తే చాలు.

మన దగ్గర్నే చూడు. నల్లగొండ దిక్కు పెద్దమనిషి అంటే గోచి పెట్టి కట్టిన దోతి, తెల్లంగి, నెత్తికి రుమాల. నారాయణపేట దాటి రాయచూరు, గుల్బర్గా దిక్కు పోతే రుమాల పోయి తెల్లటోపీ వస్తది. పాలమూరు గొర్లకాపరి భుజాన నల్ల గొంగడి ఉంటది. వానొస్తే నెత్తిమీంచి కప్పుకుంటడు, రాత్రయితే అదే పక్క. పట్నం పోతే షేర్వాని. మహబూబ్‌నగర్‌కు పేరొచ్చింది ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ వల్లనే కదా, ఆయన బట్టల బీరువా పురానీ హవేలీల ఇప్పటికీ ఉన్నది. రెండంతస్తుల బీరువా! అట్లాంటాయనకు ఈ ఉత్తరం అక్కర్లేదు, మనకు అక్కరుంటది.

ముందుగాల చెన్నై. మన ఎండ 45 డిగ్రీలు దాటినా పొడి ఎండ, పట్టిన చెమట పట్టినట్టే ఆరిపోతది. అక్కడ 35 డిగ్రీలకే చెమట ఆరదు, సముద్రపు తేమ గాలిల నిండి ఉంటది. అందుకని పాలిస్టరు కలిసిన అంగి మన దగ్గర ఎట్లనో నెట్టుకొస్తది గాని అక్కడ మధ్యాహ్నానికి ఒంటికి అంటుకపోతది, వాసన కూడ పడ్తది. పల్చటి కాటన్ గాని, లినెన్ గాని తీసుకపో. లినెన్ నలుగుతది, నలగనీ, అది దాని గుణం. లేత నీలం, బూడిద రంగు అంగీల మీద చంకల కాడ చెమట మరక ఊరంతా చూస్తది. తెలుపు, ముదురు నీలం, చిన్న డిజైన్లు ఉన్న గుడ్డ మరకను దాస్తయి. తెల్లంగి కింద తెల్ల బనీను వేస్తే గీత గీసినట్టు పైకి కనపడ్తది, ఒంటిరంగు బనీనో, లేత బూడిద రంగుదో వేసుకో.

తెల్లంగీలు చంకల కాడ పసుపుపచ్చగ అవుతున్నయని బ్లీచింగు పోస్తరు చాలమంది. దాంతోని ఇంకా పచ్చబడ్తయి. ఆ మరక ఒట్టి చెమటది కాదు, చెమటకు డియోడరెంటు మందు కలిసి పట్టింది. స్ప్రే కొట్టుకుంటే పూర్తిగ ఆరినంకనే అంగి తొడుక్కో, విప్పిన పూటే నీళ్లల్ల వెయ్యి. గంజి పెట్టిన బట్టలు మాత్రం అక్కడికి తీసుకపోవద్దు. తేమకు గంజి మెత్తబడ్తది, మడత పెట్టి బీరువాల పెడితే బూజు పడ్తది, వెండిపురుగు వచ్చి కొరుకుతది.

అక్కడి ఆఫీసుల పెండ్లికి పిలుస్తరు. తమిళుల వేష్టి మన దోతి ఒకటి కాదు. మన దోతి నాలుగు మీటర్ల పైనే ఉంటది, కాళ్ల నడిమి నుంచి తీసి ఎనకకు గోచి దోపుతం. నాగలి పట్టేటోనికి, సైకిలు తొక్కేటోనికి కాళ్లు ఆడాలె కాబట్టి. వేష్టికి మామూలుగ గోచి ఉండదు, నడుముకు చుట్టుడే. నాలుగు మూరలది అంటే రెండు మీటర్లకు కొంచెం తక్కువ, అది ఒంటి చుట్టు. ఎనిమిది మూరలది మడిచి కడ్తరు, పెండ్లికి ఇదే తీసుకో, లోపల కాళ్లు కనపడవు. కట్టేటప్పుడు బొడ్డు కింద కాదు, బొడ్డు మీద బిగించాలె. కింద కడితే రెండడుగులకే జారుతది. అంచు రంగు చూసి కొను. అక్కడ నలుపు ఎరుపు అంచులు పార్టీల గుర్తులు, తెలియక కట్టుకొని పోతే ఏ పార్టీ బాబూ అని అడుగుతరు. సన్న బంగారు అంచుతోని ఏ గొడవ లేదు. కేరళ ముండు అయితే తెల్లగ కాదు, మీగడ రంగుల ఉంటది. ఈ రెండు చోట్ల మోకాళ్ల మీదికి మడిచి కట్టుకుంటరు గాని, పెద్దలు ఎదురైనా, గుడికి పోయినా కిందికి దించాలె. ఇంకోటి, 2014ల చెన్నైల ఒక క్లబ్బువాళ్లు పంచె కట్టుకొని వచ్చిన హైకోర్టు జడ్జిని లోపలికి రానియ్యలే. అదే ఏడు తమిళనాడుల పంచెకట్టును ఆపొద్దని చట్టం చేసిండ్రు. ఇప్పుడు అక్కడ గుమ్మం కాడ ఆపితే చట్టం ఒప్పుకోదు.

ఢిల్లీ కథ వేరు. జనవరిల తెల్లవారుజామున 5 డిగ్రీల కిందికి కూడ పోతది. మనోళ్లు చేసే తప్పేందంటే ఒక్క బండ స్వెట్టరు కొంటరు. అది పొద్దుగాల సరిపోదు, మధ్యాహ్నం ఉడకబెడ్తది. ఒంటికి అంటుకొని పల్చటి థర్మల్, దాని మీద ఫుల్ చేతుల అంగి, దాని మీద సన్న ఉన్ని స్వెట్టరు, పైన జాకెటు. ఎండొస్తే ఒక్కొక్కటి విప్పుతవు. అక్కడ చానా ఆఫీసులల్ల, ఇండ్లల్ల హీటర్లు ఉండవు, బయట ఎంత చలో లోపల కూడ దగ్గర దగ్గర అంతే, కాబట్టి లోపలి థర్మలే అసలు బట్ట. హాఫ్ చేతుల అంగి మీద స్వెట్టరు వేస్తే మోచెయ్యి కాడ ముద్ద కట్టి లోపల నలుగుతది, అందుకే ఫుల్ చేతులన్న. పెండ్లిండ్లకు బంద్‌గలా, అంటే మెడ దాక మూసి ఉండే కోటు, మంచిది. షేర్వాని మోకాళ్లు దాటుతది, బంద్‌గలా తుంటి కాడ ఆగుతది. దాని గుండీలు అన్నీ పెట్టాలె, మెడ కాడిది కూడ. మెడల రెండు వేళ్లు దూరకపోతే ఊపిరాడదు, నాలుగు దూరితే తబలా వాయించేటోని లెక్క ఉంటది.

లండన్ల చలి ఢిల్లీ చలికి తలకిందులు. బయట చలి, వాన, గాలి. లోపల మాత్రం హీటింగు పెట్టి వెచ్చగ ఉంచుతరు. ఢిల్లీ థర్మల్ వేసుకొని ఆఫీసుల కూసుంటే చెమటలు కక్కుతవు. అక్కడ బరువంతా పైన ఉండాలె. లోపల మామూలు అంగి, పైన మోకాలు దాక మందపు కోటు, తలుపు కాడ విప్పి తగిలించుడే. బూట్లకు రబ్బరు అడుగు చూసుకో, తోలు అడుగు తడి రాళ్ల మీద జారుతది.

సూటు గురించి కొంచెం ఎక్కువ రాస్త, ఎందుకంటే డబ్బు పోయేది అక్కడనే. లండన్ల దర్జీ దుకాణాల వీధి సావిల్ రో, అక్కడి దర్జీల పద్ధతి మిలటరీ దుస్తుల నుంచి, గుర్రపుస్వారీ దుస్తుల నుంచి వచ్చింది. భుజంల మెత్త పెట్టి గట్టిగ నిలబెడ్తరు, నడుం కాడ లోపలికి తీస్తరు, ఎనక రెండు పక్కల చీలికలు ఇస్తరు. గుర్రం మీద కూసుంటే కోటు రెండు దిక్కుల పడాలె కదా. ఇటలీల నేపుల్స్ వేడి ఊరు, అక్కడి దర్జీ భుజంల మెత్త పెట్టడు, అంగి చెయ్యి కుట్టినట్టు చిన్న ముడతలతోని చెయ్యి ఎక్కిస్తడు. నాకడిగితే మన ఒంటికి, మన ఎండకు నేపుల్స్ కోతే నప్పుతది. కాని నువ్వు పోయేది లండన్, ఆఫీసుకు వాళ్ల కోతే తీసుకో.

కోటు వేసి చూసేటప్పుడు ముందుగాల భుజం చూడు. కుట్టు భుజం ఎముక కొస మీద ఉండాలె. భుజం తప్పితే ఏ దర్జీ సరిజేయలేడు, చేసినా కోటు ఖరీదంత అడుగుతడు. నడుము తగ్గించుడు, చేతులు కురచ చేసుడు అల్కటి పని. కాని చేతుల చివర గుండీలకు నిజం కాజాలు కోసి ఉంటే కింది నుంచి కురచ చెయ్యరాదు, అది చూసుకొని కొను. కోటు చెయ్యి కింద అంగి కఫ్ అరంగుళం కనపడాలె. రెండు గుండీల కోటైతే పైదే పెట్టు, కిందిది ఎప్పుడూ పెట్టకు, కూసుంటే పైది కూడ విప్పు. కొత్త కోటు ఎనక చీలిక మీద గుణకారం గుర్తు లెక్క దారం కుట్టి ఉంటది, ఓవర్‌కోటు చెయ్యి మీద కంపెనీ చీటీ కుట్టి ఉంటది. అవి సోకుకు కాదు, తెంపెయ్యాలె. మనోళ్లు ఏండ్లు గడిచినా తెంపరు. చారల టై అక్కడ తొందరపడి కొనకు, చానా చారలు ఏదో రెజిమెంటువో, బడివో, క్లబ్బువో అయి ఉంటయి. ఒక్క రంగు ముదురు నీలం టై కడితే ఎవనికీ సంజాయిషీ చెప్పే పని లేదు.

నంబర్ల కాడ మోసపోకు. మన దుకాణాలల్ల ఫార్మల్ అంగి మీద 40 అని ఉంటే చానామంది ఛాతీ అనుకుంటరు. అది మెడ, సెంటీమీటర్లల్ల. లండన్ల మెడ అంగుళాలల్ల చెప్తరు: మన 39 అంటే అక్కడ పదిహేనున్నర. కోటుకు మాత్రం ఛాతీ అంగుళాలే, అదే కోటు యూరప్‌ల కొంటే పది కలుపుకో, 40 అంటే 50. బూట్లు మన దగ్గర వేసే నంబరు ఇంగ్లండుదే, నీ 8 అక్కడ కూడ 8, యూరప్‌ల 42, అమెరికాల 9.

ఇప్పుడు మన గుడ్డ. మూడు ఊర్లకు పనికొచ్చేది ఒక్కటంటే పోచంపల్లి చిటికి (ఇక్కత్) గుడ్డ. పైన చెప్పిన కదా, చిన్న డిజైను చెమటను దాస్తదని. చెన్నైల కోటు లేకుండ, ఢిల్లీల బంద్‌గలా లోపల కాలరు లేకుండ, లండన్ల సాదా నీలం కోటు కింద, మూడు తీర్ల నడుస్తది. గళ్ల కోటు కింద మాత్రం వద్దు, కండ్లు తిరుగుతయి.

కొనేటప్పుడు గుడ్డ తిప్పి చూడు. చిటికిల నేయకముందే దారానికి రంగు పడ్తది. సైకిలు ట్యూబు రబ్బరు పట్టీలతోని దారాన్ని కట్లు కట్టి ముంచుతరు, కట్టు ఉన్న కాడ రంగు ఎక్కదు. అందుకే రెండు దిక్కుల రంగు ఒక్క తీరుగ ఉంటది, డిజైను అంచు కత్తితోని కోసినట్టు ఉండదు, ఈక కొసల లెక్క కొంచెం చెదిరి ఉంటది. ఎనక దిక్కు ఎలిసినట్టు ఉండి, అంచు నిఖార్సుగ ఉంటే అది అచ్చు వేసిన గుడ్డ. చెదురును చూసి నాసిరకం అనుకొని వాపసిచ్చేటోళ్లు కూడ ఉన్నరు, ఏమంటం. సన్న డిజైనుకు ధర ఎక్కువ ఉంటది, దానికి ఆసు పోసుడు ఎక్కువ. మేకుల చుట్టూ దారం వేల సార్లు చేతితోని తిప్పాలె, ఇండ్లల్ల ఆడోళ్ల భుజాలు పోయేవి. ఆ పనికి యంత్రం చేసిన చింతకింది మల్లేశం గారికి 2017ల పద్మశ్రీ వచ్చింది.

పుట్టపాక తేలియా రుమాలు ఇంకో సంగతి. ఆముదం కాయల బూడిద నీళ్లు, నూనె కలిపి దారాన్ని రోజుల తరబడి నానబెట్టి పిసుకుతరు. ఎరుపు, నలుపు, తెలుపు, అంతే రంగులు. ఒకప్పుడు అరబ్బు దేశాలకు నెత్తిగుడ్డలుగ పోయినయి. 2020ల జీఐ గుర్తింపు, అంటే ఫలానా ఊరి సరుకని చెప్పే గుర్తింపు, వచ్చింది. దాన్ని కోసి అంగి కుట్టమని అడిగేటోళ్లున్నరు, నాకు చేతులు రావు. చదరపు గుడ్డకు నడుమ ఒక లెక్క, అంచుకు ఒక లెక్క ఉంటది, కోస్తే రెండూ చెడుతయి. లండన్ల మెడకు మఫ్లరు లెక్క చుట్టుకో, ఒకటి పంపిస్త.

నీ అంగి నేనే కుడ్త. చిటికి గుడ్డ 44 అంగుళాల పన్నాల (వెడల్పుల) ఫుల్ చేతుల అంగికి రెండున్నర మీటర్లు, డిజైను కలపనీకి పావు మీటరు ఎక్కువ తీసుకోవాలె. ముందు రెండు రెక్కల మీద, జేబు మీద గీత కలవకపోతే మంచి గుడ్డ కూడ అతుకుల బొంతే. చేనేత కాటన్ వందకు మూడు నుంచి ఐదు వరకు కుంచుకపోతది, అంటే 30 అంగుళాల పొడవుల అంగుళం, అంగుళంన్నర. కోయకముందే రాత్రంతా నానబెట్టి నీడకు ఆరబెట్టాలె. తడి దస్తీతోని రుద్ది చూస్తే రంగు దిగేది తెలుస్తది. ఉప్పు వేస్తే రంగు ఆగుతదని అంటరు, దిగే రంగు ఉప్పుకు ఆగదు. మొదటి మూడు ఉతుకులు విడిగ, చల్లనీళ్లల్ల. కాలరుల అంటుకునే బక్రం (లోపల పెట్టే గట్టి గుడ్డ) వేస్తే గుడ్డ ఒక తీరు, బక్రం ఒక తీరు కుంచుకొని బుడగలు లేస్తయి, నేను కుట్టే బక్రమే వేస్త.

పొడవు సంగతి నువ్వే తేల్చాలె. చెన్నైల బయటికి వదిలి వేసుకునేదైతే 28 అంగుళాలు, కింద సీదాగ కోసి పక్కలకు చీలిక. లోపలికి దోపేదైతే 30, కింద గుండ్రం. ఒక్క అంగి రెండిటికి పనికిరాదు. దోపేటిది బయటికి వదిలితే రాత్రంగి లెక్క ఉంటది, వదిలేటిది దోపితే చెయ్యెత్తినప్పుడల్లా బయటికొస్తది.

కొలతలు ఇప్పటివి పంపు, పాతయి నమ్మను. మెడ కొలిచేటప్పుడు టేపు లోపల రెండు వేళ్లు పెట్టు. ఛాతీ చంకల కింది నుంచి, ఊపిరి మామూలుగ వదిలి. భుజం ఈ ఎముక కొస నుంచి ఆ ఎముక కొసకు, ఎనక నుంచి, పక్కోనితోని కొలిపించు. చెయ్యి భుజం కొస నుంచి మణికట్టు ఎముక దాక, మోచెయ్యి కొంచెం వంచి. గుడ్డ నానాలె, ఆరాలె, అందుకని పది రోజులు పడ్తది. మధ్యల ఫోన్లు చేసి తొందర పెట్టకు.

ఆశీస్సులతో,
నాయిన