విళంబి చివరి వారంలో, స్విండన్ నుంచి

స్విండన్,
31 మార్చి 2019, ఆదివారం

నాన్నగారికి, అమ్మకు నమస్కారాలు.

మేం ముగ్గురం క్షేమం. అమ్మ మోకాళ్ల నొప్పి ఎలా ఉందో, కొత్త మందు పడిందో లేదో రాయండి. మొన్న ఫోను ఎత్తగానే అమ్మ అడిగిన మొదటి మాట, "మిమ్మల్ని కూడా పొమ్మంటున్నారా?" అని. లేదమ్మా, మమ్మల్ని ఎవరూ పొమ్మనడం లేదు. టీవీలో లండన్ వీధుల్లో జెండాలు పట్టుకున్న జనాన్ని చూసి భయపడ్డావు. అది గొడవ కాదు, ఊరేగింపు. యూరోపియన్ యూనియన్ నుంచి ఈ దేశం బయటికి రావాలా వద్దా అని మళ్లీ ఒకసారి ప్రజలను అడగాలని 23వ తేదీన లక్షల మంది నడిచారు, సాయంత్రానికి ఎవరిళ్లకు వాళ్లు వెళ్లిపోయారు. లండన్‌కు మా ఊరు రైల్లో గంట ప్రయాణం. మా వీధిలో నిన్న వినిపించిన చప్పుడల్లా ఎదురింటాయన గడ్డి కోస్తున్న యంత్రానిదే.

ఈ తెల్లవారుజామున ఇక్కడ గడియారాలు గంట ముందుకు జరిపారు. ఇక నుంచి మీకూ మాకూ నాలుగున్నర గంటలే తేడా. అమ్మా, ఆదివారాలు ఫోను చేసేటప్పుడు గుర్తుంచుకో.

ఆఫీసు సంగతి మామూలే. పని ఉంది, జీతం వస్తోంది.

నాన్నగారు పేపర్లో చదివే ఉంటారు. మొన్న శుక్రవారం, 29వ తేదీ రాత్రి పదకొండు గంటలకు ఈ దేశం యూరోపియన్ యూనియన్ నుంచి బయటికి రావాల్సింది. రెండేళ్ల కిందట ఇదే తేదీన ప్రధాని థెరిసా మే రాసిన లేఖ యూనియన్ కేంద్రమైన బ్రస్సెల్స్‌కు చేరింది, ఆ లెక్కన అది గడువు. తీరా ఆ రోజు మధ్యాహ్నం ఆవిడ యూనియన్‌తో కుదుర్చుకుని తెచ్చిన ఒప్పందాన్ని పార్లమెంటు మూడోసారి కూడా తిప్పికొట్టింది. 344 మంది వద్దన్నారు, 286 మంది సరేనన్నారు. జనవరిలో మొదటిసారి 230 ఓట్ల తేడాతో ఓడిపోయింది, ఇప్పుడు 58. అంతకు రెండు రోజుల ముందు ఎనిమిది ప్రత్యామ్నాయాలు సభ ముందు పెట్టి ఓటింగు జరిపితే ఎనిమిదీ వీగిపోయాయి. ఒప్పందం నెగ్గితే పదవి వదిలేస్తానని ఆవిడ సొంత పార్టీ వాళ్లకే మాట ఇచ్చింది. అయినా కుదరలేదు. కొత్త గడువు ఏప్రిల్ 12. మీకు 11న పోలింగు, ఆ మర్నాడే మాకు ఇది.

ఎందుకు తెగడం లేదని నాన్నగారు అడిగారు కదా. ముడి అంతా ఐర్లాండు దగ్గర ఉంది. ఈ దేశంలో భాగమైన ఉత్తర ఐర్లాండుకూ, యూనియన్‌లో ఉన్న వేరే దేశమైన మిగతా ఐర్లాండుకూ మధ్య అయిదు వందల కిలోమీటర్ల సరిహద్దు. 1998 శాంతి ఒప్పందం తర్వాత అక్కడ సైనికుల కాపలా స్థావరాలు తీసేశారు. ఇప్పుడు ఒక పక్క యూనియన్‌లో ఉండి, రెండో పక్క బయటికి వచ్చేస్తే, సరుకు తనిఖీ ఎక్కడ చేయాలి? గేటు పెడితే పాత గాయం మళ్లీ రేగుతుంది. వేరే దారి దొరికేదాకా దేశం మొత్తం యూరప్‌తో ఒకే కస్టమ్స్ పరిధిలో ఉంటుందని ప్రధాని ఒప్పందంలో రాశారు. అలా అయితే ఎప్పటికీ బయటపడలేమని సభ్యుల భయం. విజయవాడ దారిలో గరికపాడు దగ్గర చెక్‌పోస్టు వచ్చిన కొత్తలో, "ఈ రోడ్డు మీద ఇన్నేళ్లు తిరిగాను, ఇక్కడ ఆగాల్సి వస్తుందని కలలో కూడా అనుకోలేదు" అన్నారు మీరు. ఆ వార్తలు చూస్తుంటే నాకు ఆ మాటే వినిపిస్తుంది.

శుక్రవారం రాత్రి బాబు ఎంతకీ పడుకోలేదు. గదిలోకి వెళ్లి చూస్తే బూట్లు వేసుకుని మంచం మీద కూర్చున్నాడు. పక్కన స్కూలు సంచి. అందులో రెండు బొమ్మ కార్లు, తాతయ్య పంపిన పెద్దబాలశిక్ష, ఒక అరటిపండు. బడిలో ఎవరో "శుక్రవారం రాత్రి పదకొండింటికి వెళ్లిపోతున్నాం" అన్నారట, వెళ్లేది మనమే అనుకున్నాడు. బూట్లు విప్పుతుంటే, "నాన్న ఇంజెక్షన్లు ఎవరు సర్దుతారమ్మా?" అని అడిగాడు. వాడికి ఏడేళ్లు. వాడి ఎదుట టీవీ పెట్టుకుని మేం మాట్లాడుకున్న మాటలన్నీ వాడి చెవిన పడ్డాయని అప్పుడు తెలిసింది. ఆ రాత్రి నుంచి భోజనాల వేళ వార్తలు కట్టేశాం.

ఆ ఇంజెక్షన్ల గురించే అమ్మా, నీ బెంగంతా. నువ్వు నాకు చెప్పకుండా చెల్లితో అన్నావట. ఈ దేశంలో వాడే ఇన్సులిన్ దాదాపు అంతా డెన్మార్కు, జర్మనీ, ఫ్రాన్సుల నుంచి వస్తుందన్న మాట నిజమే. ఓడరేవుల్లో లారీలు ఆగిపోతే ఎలా అని అందరికీ దిగులు పట్టిన మాటా నిజమే. కానీ మామూలు నిల్వలు కాక మరో ఆరు వారాలకు సరిపడా ఉంచమని ప్రభుత్వం కంపెనీలను కోరింది. ప్రధాని మే కూడా రోజూ ఇన్సులిన్ తీసుకునే మనిషే. మా ఫ్రిజ్ తలుపు పై అరలో, నువ్వు పంపిన గోంగూర సీసా పక్కన, అయిదు ఇన్సులిన్ పెన్నుల పెట్టె సీలు తీయకుండా ఒకటి, వాడుతున్నది ఒకటి ఉన్నాయి. ఫిబ్రవరి అంతా పడుకునే ముందు ఆ తలుపు తీసి లెక్కపెట్టుకునేదాన్ని. తర్వాత మానేశాను. ఎక్కువ రాయించుకుని దాచుకోవచ్చు కదా అన్నావు. మందుల షాపులో ఆవిడ, "మీరు రెండు పెట్టెలు అదనంగా తీసుకుంటే నేను ఇంకొకరికి లేదని చెప్పాలి" అన్నది. నేను అలా చేయలేనమ్మా. అక్కడి నుంచి పంపే ప్రయత్నం మాత్రం చేయకు, దారిలో చల్లదనం తప్పితే ఆ మందు ఎందుకూ పనికిరాదు. ఆయన బాగున్నారు. బరువు రెండు కిలోలు తగ్గారు, అది నడక వల్ల.

పౌను సంగతి. 2016 జూన్‌లో బయటికి రావాలా వద్దా అన్న ఓట్ల లెక్కింపు జరిగిన ఒక్క రాత్రిలో నూరు రూపాయల దరిదాపుల నుంచి తొంభై రెండు, మూడుకు పడింది. ఇప్పటికీ తొంభై చుట్టూనే తిరుగుతోంది. ఫ్లాటు వాయిదాకు ఏ ఇబ్బందీ లేదు. నాన్నగారు పెన్షను డబ్బులో నుంచి కట్టే ఆలోచన పెట్టుకోవద్దు, చెల్లి చెప్పింది నాకు.

ఎదురింటాయన గురించి లోగడ రాశాను, బాబు సైకిలు బాగుచేసి ఇచ్చినాయన. ఈ ఊళ్లో మన లాలాగూడ లాంటి పెద్ద రైల్వే వర్క్‌షాపు ఉండేది. 1986లో మూసేశారు, ఆ భవనాల్లో ఇప్పుడు బట్టల దుకాణాలు ఉన్నాయి. ఆయన ఆ వర్క్‌షాపులో పని నేర్చుకున్నవాడు. బయటికి రావాలనే ఓటు వేశాడు. స్విండన్‌లో 54.7 శాతం అలాగే వేశారు. "నీ మీద కోపంతో కాదమ్మా, నా మాట విన్నవాళ్లు ఎవరూ లేరు, ఆ కాగితం మీదనైనా వింటారని వేశాను" అన్నాడు ఒకసారి. హోండా ఫ్యాక్టరీ 2021లో మూసేస్తామని ఫిబ్రవరిలో ప్రకటించారు, 3,500 ఉద్యోగాలు. కారణం బ్రెక్సిట్ కాదని కంపెనీ అంటోంది. ఆయన కొడుకు అందులోనే పనిచేస్తాడు. ఆ వార్త వచ్చిన రోజు నేను పులిహోర పట్టుకెళితే గిన్నె అందుకుని, "నాకు ఇది రెండోసారి" అన్నాడు. ఆయన చెడ్డవాడు కాదు నాన్నగారూ. మేం ఒకరికొకరం ఎదురు ఓటు వేసినవాళ్లమే.

అవును, నేను ఓటు వేశాను. అప్పట్లో మీకు చెప్పలేదు, పరాయి దేశం రాజకీయాల్లో మనకెందుకు అంటారని. కామన్‌వెల్త్ దేశాల వాళ్లం కాబట్టి, ఇక్కడ నివాసం ఉంటే భారత పాస్‌పోర్టుతోనే ఓటు హక్కు ఉంది. వచ్చి మూడేళ్లే అయినా నాకు వచ్చింది. పక్కింటి గోవా అక్కకు మాత్రం రాలేదు.

అక్క మడ్గావ్ మనిషి. 1961 దాకా గోవా పోర్చుగీసు వాళ్లదే కదా, తాతగారి జనన పత్రం పట్టుకుని మన పాస్‌పోర్టు వదులుకుని పోర్చుగల్ పాస్‌పోర్టు తీసుకుంది. ఈ ఊళ్లో అలా వచ్చిన గోవా కుటుంబాలు చాలా ఉన్నాయి. పదకొండేళ్లుగా గోదాములో రాత్రి షిఫ్టులు చేస్తోంది, పన్ను కడుతోంది. తన గురించి దేశమంతా ఓటు వేసినప్పుడు తనకు ఓటు లేదు. ఇప్పుడు యూరప్ వాళ్లు ఇక్కడ ఉండనివ్వమని దరఖాస్తు పెట్టుకోవాలి. ఆ పథకం నిన్న, శనివారం, పూర్తిగా మొదలైంది. 65 పౌన్ల రుసుము పెట్టి, జనవరిలో తీసేశారు. ఫోనులో యాప్ ద్వారా చేయాలి, అది ఐఫోనులో పనిచేయదు. అందుకని అక్క పాస్‌పోర్టు కొంగు చాటున పెట్టినట్టు కోటు లోపల పెట్టుకుని మా ఇంటికి వచ్చింది.

వంటింటి బల్ల మీద పెట్టి చేశాం. పాస్‌పోర్టులో చిప్పు ఉంటుంది, ఫోను దాని మీద కదలకుండా ఆనించాలి. నాలుగుసార్లు తప్పింది. ఫోను కవరు తీసేసి, అట్ట మీద మెల్లగా జరుపుతూ పోతే అయిదోసారి పట్టుకుంది. తర్వాత ముఖం చూపించమంది. అక్క రాత్రి పని చేసి నిద్ర లేకుండా వచ్చింది, ఫోను తన ముఖాన్ని గుర్తుపట్టలేదు. బాబు కుర్చీ ఎక్కి బల్లదీపం ఎత్తి పట్టుకున్నాడు. అప్పుడు ఒప్పుకుంది. ఇదంతా అయ్యాక అక్క చేతులు ఒళ్లో పెట్టుకుని, "పదకొండేళ్లు చేసినదాన్ని, ఉండొచ్చా అని ఇప్పుడు అడగాలా?" అంది. దేవుడి సాక్షిగా ధైర్యం చెబుదామనే అన్నాను, "ఏముంది అక్కా, ఒక ఫారమే కదా" అని.

ఆ మాట నోట్లోంచి రాగానే నాకు మీరు గుర్తొచ్చారు నాన్నగారూ.

రాష్ట్రం విడిపోయిన తర్వాత సెక్రటేరియట్‌లో అందరి దగ్గరా ఆప్షన్ ఫారాలు తీసుకున్నారు. ఉద్యోగులను రెండు రాష్ట్రాలకు పంచే కమలనాథన్ కమిటీ జాబితా ఈ వారం వస్తుంది, వచ్చే వారం వస్తుంది అని నెలల తరబడి ఎదురుచూశారు మీరు. అమ్మ బడి హైదరాబాదులో. మీ పేరు ఎటు వస్తుందో తెలియదు. ఒక రాత్రి మీరే నాకు ఫోను చేశారు, ఎప్పుడూ చేయని వేళ. "ముప్పై ఏళ్లు కూర్చున్న కుర్చీ నాదో కాదో ఒక కాగితం చెబుతుందట" అన్నారు. నేను అప్పుడు బాబుకు అన్నం పెడుతూ, "ఏముంది నాన్నగారూ, ఒక ఫారమే కదా, ఎక్కడైనా ఉద్యోగమే కదా" అన్నాను. మీరు కాసేపు ఆగి, "అంతేనమ్మా" అని ఫోను అమ్మకు ఇచ్చేశారు. తర్వాత వెలగపూడి వెళ్లారు, నలుగురితో ఒక గదిలో ఉన్నారు, శుక్రవారం సాయంత్రం రైలు, సోమవారం తెల్లవారుజామున రైలు, రిటైరయ్యేదాకా. ఒక్కరోజు కూడా మీకు ఎలా ఉందని నేను అడగలేదు. అమ్మను అడిగాను, నాన్న సరిగ్గా తింటున్నారా అని.

ఈ రాజకీయాల్లో ఎవరిది న్యాయమో తేల్చేంత తెలివి నాకు లేదు, అక్కడిది గానీ ఇక్కడిది గానీ. రాష్ట్రం కావాలని ఎదురుచూసిన వాళ్ల బాధ కూడా మన వీధిలోనే చూశాను. కానీ ఎదురుచూడటం ఎలా ఉంటుందో నిన్న అక్క చేతులు చూశాక అర్థమైంది. అప్పుడు మీ ఎదురుగా లేను, మీ చేతులు చూడలేదు. నన్ను క్షమించండి నాన్నా.

జాబితాలో మీ పేరు వచ్చిన రోజు ఇంట్లో ఏం జరిగిందో నాకు ఇప్పటికీ తెలియదు. అమ్మ ఆ రోజు బడికి వెళ్లిందా? మీరు ఎవరితో చెప్పారు మొదట? ఫోనులో వద్దు, కాగితం మీద రాయండి. ఎన్ని పేజీలైనా చదువుతాను.

శనివారం ఉగాది. నిరుడు పంపిన ఎండు వేపపువ్వు ఇంకా ఉంది, మామిడికాయ ఇక్కడి ఇండియన్ దుకాణంలో దొరుకుతుంది. కొత్త బెల్లం మాత్రం లేదు, ఉన్నదాంతో చేస్తాను. విళంబి పేరుకు తగ్గట్టు అన్నీ ఆలస్యం చేసే వెళ్తోంది. వచ్చేది వికారి అని అమ్మ ఇప్పటికే భయపడుతూ ఉంటుంది. పేరు చూసి భయపడకమ్మా, పంచాంగం విన్నాక మా ముగ్గురి ఆదాయ వ్యయాలు రాసి పంపు. అక్కను కూడా పచ్చడికి పిలిచాను. తనకు జవాబు ఇంకా రాలేదు. పొద్దుటి నుంచి రెండుసార్లు వచ్చి నా ఫోను చూసి వెళ్లింది, జవాబు వచ్చేది తన మెయిలుకే అని చెప్పినా.

ఇక్కడ ఇవాళ అమ్మల పండుగ. బాబు బడిలో రెండు కార్డులు చేశాడు, ఒకటి నాకు, ఒకటి అమ్మమ్మకు. పసుపు పువ్వు ఒకటి ఊడిపోతే మళ్లీ అతికించాను. ఈ కవరులోనే పెడుతున్నాను, జాగ్రత్తగా తీయండి.

మీ
చిట్టి