న్యూస్ అంటే నాలుగు దిక్కులు కాదండీ

ఎడిటర్ గారికి నమస్కారం.

పోయిన ఆదివారం మీ పిల్లల పేజీలో, కింద కుడివైపు మూల 'మీకు తెలుసా?' అని ఒక చిన్న బాక్సు వేశారు. నార్త్, ఈస్ట్, వెస్ట్, సౌత్ అనే నాలుగు దిక్కుల మొదటి అక్షరాలు కలిస్తే న్యూస్ అనే ఇంగ్లీషు మాట పుట్టిందని అందులో ఉంది. ఎనిమిదో తరగతి చదివే మా మనవరాలు దాన్ని కత్తిరించి, అట్టకి అంటించి, సోమవారం స్కూల్లో ప్రార్థన అయ్యాక మైకులో చదివింది. అందరూ చప్పట్లు కొట్టారట. సాయంత్రం ఇంటికొచ్చి నాకూ చదివి వినిపించింది. నేను ఊరుకోవాల్సింది. ఊరుకోలేక "అది తప్పమ్మా" అన్నాను.

"పేపర్లో వేశారు తాతయ్యా" అంది.

ఆ మాటకి నా దగ్గర జవాబు లేకపోయింది. ఎందుకో చెప్పాలంటే నా సంగతి కొంచెం చెప్పుకోవాలి.

నేను 1971 నుంచి 1995 దాకా విజయవాడలో, ఏలూరు రోడ్డు పక్క సందులో ఒక ప్రెస్సులో కంపోజిటర్‌ని, అంటే సీసం అక్షరాలు ఏరి పేర్చేవాణ్ణి. శుభలేఖలు, కరపత్రాలు, బిల్లు బుక్కులు, పరీక్షలు దగ్గరపడితే గైడ్లు. చేరిన రెండో ఏడో మూడో ఏడో, ఒక జనరల్ నాలెడ్జ్ గైడు కంపోజింగ్‌కి వచ్చింది. అందులో 'ఫుల్ ఫారాలు' అని ఒక చాప్టర్. న్యూస్‌కి నాలుగు దిక్కులు, టిప్‌కి ఏదో, గోల్ఫ్‌కి ఇంకేదో. నేను ఒక్కో అక్షరం ఏరి స్టిక్కులో పేర్చాను. ప్రూఫులు చూసే మాస్టారు, హైస్కూల్లో ఇంగ్లీషు చెప్పి రిటైరైన ఆయన, ఆ పేజీలో న్యూస్ చుట్టూ ఎర్ర సిరాతో సున్నా చుట్టి మార్జిన్‌లో 'అబద్ధం' అని రాశారు. నేను "మేటర్లో అలాగే ఉంది మాస్టారూ" అన్నాను. ఓనరు కూడా, మనం అచ్చేసేవాళ్ళమే గానీ దిద్దేవాళ్ళం కాదు, పార్టీ ఇచ్చింది ఇచ్చినట్టు వేసెయ్యమన్నాడు. వేసేశాం. రెండు వేల కాపీలు. మీ బాక్సు రాసినవారు ఎవరో గానీ, చిన్నప్పుడు ఆ గైడో, దాన్ని చూసి రాసిన ఇంకో గైడో చదివి ఉంటారని నా అనుమానం. కాబట్టి మీ మీద నాకు కోపం లేదు. తప్పులో నా చెయ్యీ ఉంది.

ఆ రోజు మధ్యాహ్నం క్యారేజీ విప్పుకున్నాక మాస్టారు చెప్పిన అసలు సంగతి ఇది. 'న్యూ' అంటే కొత్త. దానికి బహువచనం 'ఎస్' తగిలిస్తే న్యూస్, అంటే కొత్తవి. ఫ్రెంచివాళ్ళు 'నువెల్' అనేదీ అదే పద్ధతి. మనం మాత్రం రోడ్డు మీద ఎవరైనా కనిపిస్తే "ఏంటండీ కొత్త సంగతులు?" అనడం లేదా? అంతే సంగతి. పాత ఇంగ్లీషు రాతల్లో ఆ మాటకి డబ్ల్యు తర్వాత ఇంకో 'ఇ' కూడా ఉండేది. మీ లెక్క ప్రకారమైతే అప్పుడు తూర్పు రెండుసార్లు రావాలి. అసలు ఉత్తరం, తూర్పు, పడమర, దక్షిణం అన్న వరసలో దిక్కులు లెక్కపెట్టేవాణ్ణి నేను ఇంతవరకు చూడలేదు.

ఇందులో వింత ఉంటే ఇక్కడుంది. బహువచనంగా పుట్టిన న్యూస్‌ని వాళ్ళు ఇప్పుడు ఏకవచనం చేసేశారు, 'న్యూస్ ఈజ్ గుడ్' అంటారు. మన పాలు, నీళ్ళు పుట్టుకతో బహువచనాలు, ఇప్పటికీ బహువచనాలే. పాలు విరిగాయి అంటాం గానీ విరిగింది అనం.

మొదటి అక్షరాలు కలిపి మాటలు చేసే పద్ధతి ఇంగ్లీషులో జోరందుకుంది ఇరవయ్యో శతాబ్దంలోనే. రాడార్ అలా పుట్టిందే, 1940 ప్రాంతంలో. అలాంటి మాటలకి ఇంగ్లీషులో పెట్టిన 'అక్రనిమ్' అనే పేరు కూడా ఆ రోజులదే. గోల్ఫ్ మాట 1457లో స్కాట్లండ్ చట్టంలోనే ఉంది. జనం విలువిద్య మానేసి ఆ ఆట ఆడుతున్నారని దాన్ని నిషేధించారు. అలాంటి మాటకి 'జెంటిల్‌మెన్ ఓన్లీ, లేడీస్ ఫర్‌బిడెన్' అని ఫుల్ ఫారం చెబుతారు, వాట్సాప్‌లో ఏడాదికి రెండుసార్లైనా నాకు వస్తుంది. దర్జాకి వాడే పోష్ అనే మాట, 'పోర్ట్ అవుట్, స్టార్‌బోర్డ్ హోమ్' (వచ్చేటప్పుడు ఎడమవైపు గది, తిరిగి వెళ్ళేటప్పుడు కుడివైపు గది) అని ఇండియాకి వచ్చే దొరల ఓడ టికెట్ల మీద వేసిన ముద్ర అన్నదీ అలాంటిదే. అలా ముద్ర ఉన్న టికెట్టు ఒక్కటి కూడా ఇంతవరకు ఎవరికీ దొరకలేదు.

నిజంగా పొడి అక్షరాలతో పుట్టిన పాత మాట ఒకటుంది. అది పుట్టింది మీలాంటి వార్తాపత్రికలోనే. మనం పొద్దున్న లేచిన దగ్గర్నుంచి పడుకునేదాకా అనే 'ఓకే'. 1838, 39ల్లో అమెరికాలో బోస్టన్ పత్రికలవాళ్ళకి ఒక సరదా పట్టుకుంది. మాటల్ని కావాలని తప్పు స్పెల్లింగుతో ఊహించుకుని, ఆ తప్పుల మొదటి అక్షరాలు మాత్రం అచ్చువేయడం. 'ఆల్ కరెక్ట్' అనడానికి 'ఓ'తో ఒక తప్పు, 'కె'తో ఇంకో తప్పు. 1839 మార్చి 23న బోస్టన్ మార్నింగ్ పోస్ట్‌లో అలా ఓకే అచ్చయింది. అలాంటి జోకులు ఇంకా చాలా వేశారు, అన్నీ పోయాయి. ఇది కూడా పోవాల్సిందే, కానీ మరుసటేడు అధ్యక్ష ఎన్నికలు వచ్చాయి. అప్పటి అధ్యక్షుడు మార్టిన్ వాన్ బ్యూరెన్ సొంతూరు కిండర్‌హుక్. ఆయన మనుషులు 'ఓల్డ్ కిండర్‌హుక్' అని పొడి అక్షరాలతో ప్రచారం చేసుకున్నారు. ఆయన ఓడిపోయాడు, మాట గెలిచింది. ఈ మూలాన్ని 1960ల్లో పాత పత్రికలు తిరగేసి పట్టుకున్నది ఆలెన్ వాకర్ రీడ్ అనే ప్రొఫెసర్. అంటే సై అన్నట్టు వాడే మాటకి పుట్టుక, ఒప్పు అని చెప్పడానికి వేసిన రెండు తప్పులు. పిల్లల పేజీకి ఇంతకన్నా ఏం కావాలి?

అసలు మీరు ఇంకెక్కడికీ వెళ్ళక్కర్లేదు. మీ ప్రెస్సులోనే బోలెడు మాటలున్నాయి. ఇప్పుడు ఎల్కేజీ పిల్లలకి 'అప్పర్ కేస్, లోయర్ కేస్' అని నేర్పిస్తున్నారు. ఆ కేస్ అంటే ఏంటని మా మనవరాలి టీచర్నే అడిగాను ఒకసారి, నవ్వేసింది. కేసు అంటే మేం అక్షరాలు పోసుకునే చెక్క పెట్టె, గళ్ళు గళ్ళుగా ఉండేది. ఇంగ్లీషుకి రెండే పెట్టెలు, స్టాండు మీద పైదాంట్లో పెద్ద అక్షరాలు, కిందిదాంట్లో చిన్న అక్షరాలు. పైపెట్టె, కిందిపెట్టె, అంతే. మన తెలుగుకి అలా కాదు. గుణింతాలు, ఒత్తులు అన్నిటికీ కలిపి మా ప్రెస్సులో నాలుగు కేసులు ఉండేవి. చెయ్యి చాచలేక భుజాలు పట్టేసేవి. ఇంగ్లీషు పని వచ్చిన రోజు మాకు సెలవు రోజు కింద లెక్క.

వాళ్ళకీ ఒక సంయుక్తాక్షరం ఉంది. దుకాణాల బోర్డుల మీద 'అండ్ సన్స్' రాసేటప్పుడు ముడివేసిన దారంలా ఒక గుర్తు పెడతారు చూశారా, అది లాటిన్‌లో 'ఎట్' అనే మాట, అంటే 'మరియు'. ఇ, టి రెండూ ఒకదానిలో ఒకటి కలిసిపోయాయి. ఇంగ్లాండులో పిల్లలు ఏబీసీడీలు అప్పజెప్పేటప్పుడు జెడ్ అయ్యాక దీన్ని కూడా చదివేవాళ్ళు, "అండ్, పర్ సే అండ్" అని. తనంతట తానుగా ఉంటే ఇది 'అండ్' అని దానర్థం. గబగబా చదివి చదివి అది 'ఆంపర్సాండ్' అయి కూర్చుంది. మన పిల్లలు చివర్లో "ళ, క్ష, ఱ" అనడంలో ఆ 'క్ష' కూడా ఇలాంటిదే కదా.

మూస కథ, మూస సినిమా అని మీ సినిమా పేజీలో వారం వారం రాస్తారు. ఇంగ్లీషులో స్టీరియోటైప్, క్లిషే అనేవీ మూస నుంచి వచ్చినవే, అదీ మా అచ్చు మూసలోంచి. పేర్చిన పేజీకి అచ్చు తీసి, అందులో కరిగిన లోహం పోసి, పేజీ మొత్తం ఒకే పలకగా చేసుకుంటే దాన్ని స్టీరియోటైప్ అన్నారు. కరిగిన లోహం మీద అచ్చుని కొట్టినప్పుడు వచ్చే చప్పుడు ఫ్రెంచి పనివాళ్ళ చెవికి 'క్లిష్' మన్నట్టు వినపడిందట. మనకి కంసాలి మూస, వాళ్ళకి ప్రెస్సు మూస. ఒకళ్ళని చూసి ఒకళ్ళు రాసుకోలేదు.

1993లో మా ఓనరు కంప్యూటర్ కొన్నాడు. దాని మీద కూర్చున్న కుర్రాడు పేజీలు కట్టే పేజ్‌మేకర్ అనే సాఫ్ట్‌వేర్ తెరిచి, "లీడింగ్ పెంచాలండీ" అన్నాడు. అదేమిటా అని తెరలోకి తొంగిచూస్తే, లైనుకీ లైనుకీ మధ్య ఖాళీ. అది లీడింగ్ కాదు, లెడ్డింగ్. లైన్ల మధ్య మేం సీసం బద్దీలు పెట్టేవాళ్ళం, సీసం అంటే లెడ్. స్పెల్లింగ్ చూస్తే రెండూ ఒకటే, పలికేటప్పుడు వేరు. సీసం చేత్తో ముట్టుకోనివాడికి ఎలా తెలుస్తుంది పాపం. ఆ సాఫ్ట్‌వేర్ పెట్టె మీద 'ఆల్డస్' అని కంపెనీ పేరుంది. ఆల్డస్ మనూషియస్ అని అయిదు వందల ఏళ్ళ కిందట వెనిస్‌లో ప్రెస్సు నడిపినాయన. పక్కకి వాలిన అక్షరాలతో 1501లో పుస్తకం వేసినవాడు. ఇటలీ అక్షరాలు కాబట్టే అవి ఇటాలిక్స్. ఆయన పేరే ఆ కంపెనీ పెట్టుకుంది. రెండేళ్ళలో నా ఉద్యోగం పోయింది. పోగొట్టినవాడు మా వాడే అని నవ్వుకున్నాను.

ఇక తప్పుల సంగతి. నేను చేసినవాటిలో ఖరీదైనది ఒక శుభలేఖ. 'వ' గడిలోకి 'మ' ఒకటి పొరపాటున పడింది. వధువు కాస్తా మధువు అయింది. మూడు వందల కార్డులు అచ్చయ్యాక పెళ్ళికూతురి తండ్రి చూశాడు. మళ్ళీ వేసిన ఖర్చు నా జీతంలో నాలుగు నెలలు కోశారు. అదే ఇంగ్లాండులో అయితే? విలియం కాక్స్‌టన్ 1476లో వెస్ట్‌మినిస్టర్‌లో ప్రెస్సు పెట్టాడు. అంతకుముందు ఆయన చాలా ఏళ్ళు బ్రూజ్ నగరంలో ఉన్నాడు, పనివాళ్ళని కూడా అటునుంచే తెచ్చుకున్నాడు. వాళ్ళ ఫ్లెమిష్ భాషలో దెయ్యం అనే మాటకి 'జి' పక్కన 'హెచ్' ఉంటుంది. అలవాటు కొద్దీ ఇంగ్లీషు దెయ్యానికీ ఒక హెచ్ పెట్టేశారు. అంతకుముందు అక్కడ హెచ్ లేదు. ఇప్పటికీ లోకమంతా గోస్ట్‌ని ఆ హెచ్‌తోనే రాస్తోంది. ఒక్కడి జీతం కూడా కోసినట్టు లేదు.

పెద్దవాళ్ళు చేసిన తప్పులైతే మరీను. మాది దివిసీమ, లంకలు, దీవులు మాకు కొత్త కాదు. ఆరో తరగతిలో ఐలాండ్ స్పెల్లింగులో ఎస్ వదిలేసినందుకు చెవి మెలిపెట్టించుకున్నాను. తీరా చూస్తే ఆ మాటలో అసలు ఎస్సే లేదు. దీవికి ఇంకో మాటైన 'ఐల్' లాటిన్ నుంచి వచ్చింది, అందులో ఎస్ ఉంది. ఇదీ అదీ చుట్టాలే అనుకుని పదహారో శతాబ్దంలో దీనికీ ఒకటి తగిలించారు. చుట్టరికం ఏమీ లేదు. నేను రాసిందే పాత పద్ధతి. చెవి మాత్రం నాది.

ప్రూఫు చూసేవాళ్ళు మీ ఆఫీసులో ఇంకా ఎవరైనా ఉంటే వాళ్ళకి ఇది చెప్పండి. అమెరికాలో వెబ్‌స్టర్ పెద్ద డిక్షనరీ 1934లో కొత్తగా వేసినప్పుడు అందులో 'డోర్డ్' అని ఒక మాట వచ్చింది, సాంద్రత అని అర్థం ఇచ్చారు. అలాంటి మాటే లేదు. సాంద్రతకి గుర్తుగా పెద్ద డి గానీ చిన్న డి గానీ వాడొచ్చు, 'డి ఆర్ డి' అని 1931లో ఒక చీటీ రాశారు. కంపోజింగ్‌కి వెళ్ళేలోపు ఆ చీటీ మాటల చీటీల్లో కలిసిపోయి, మూడూ దగ్గరకి జరిగి ఒక మాటైంది. అయిదేళ్ళ దాకా, అంటే 1939 దాకా ఎవరూ చూసుకోలేదు. డిక్షనరీవాళ్ళే పొరబడ్డారు, మనమెంత. కాకపోతే వాళ్ళు తెలిశాక తీసేశారు.

నేను అడిగేదీ అదే. వచ్చే సంచికలో అదే పేజీలో, అదే మూల, అదే సైజు అక్షరాల్లో ఒక సవరణ వేయండి. ఎక్కడో ఎనిమిదో పేజీలో, చదవడానికి భూతద్దం కావాల్సిన అక్షరాల్లో వద్దు. బాక్సులో ఇంకా చోటు మిగిలితే పందికొక్కు గురించి రాయండి. ఇంగ్లీషువాళ్ళ బ్యాండికూట్ మన పందికొక్కే, మాటని కాస్త మార్చి మన తెలుగులోంచే తీసుకుపోయారు. ఆస్ట్రేలియాలో పొట్టకి సంచి ఉండే ఒక జంతువుకి కూడా అదే పేరు పెట్టుకున్నారు. మా బైండింగ్ గదిలో మైదా జిగురు డబ్బాలు ఖాళీ చేసినవి మాత్రం అచ్చంగా ఇక్కడివే.

మా మనవరాలికి మళ్ళీ మైకు దగ్గర వంతు శుక్రవారం వస్తుందట. ఆదివారం దాకా ఆగకుండా గురువారం పేపర్లో వేయగలిగితే, కత్తెర, జిగురు సిద్ధంగా పెట్టుకుంటాం.

ఇట్లు,
ఒక పాత కంపోజిటర్,
విజయవాడ