ఉప్పు తగలని పులుసు

కొత్తపేట, గుంటూరు
21 ఆగస్టు 2021

ఒరేయ్ శీనూ,

"కోవిడ్ టీకా రెండు డోసులూ వేయించుకున్నావు, ఇంకా ఆ యాంటీబాడీల గోలేంట్రా" అని మొన్న ఫోన్లో అడిగావుగా. శాంపిళ్లు మీద పడి సరిగ్గా చెప్పలేకపోయా. ఇవాళ నైట్ డ్యూటీ. రక్తాన్ని విడదీసే సెంట్రిఫ్యూజ్ మిషను తిరుగుతోంది, తీరిగ్గా రాస్తున్నా.

జనవరి 16న టీకాలు మొదలయ్యాయి కదా, దానికి వారం ముందు మా ఆసుపత్రిలో స్టాఫ్ అందరికీ రక్తం తీశాం, వైరస్ వచ్చిపోతే ఒంట్లో మిగిలే యాంటీబాడీలు ఎవరికున్నాయో చూద్దామని. నాకు పాజిటివే అని ముందే అంతా తేల్చేశారు. నెలల తరబడి ముక్కు స్వాబులతో కూర్చుంది నేనేగా! తీరా చూస్తే నాకు నెగటివ్. వచ్చింది ఎవరికనుకున్నావ్? వార్డు ఊడ్చే ఆయమ్మకి.

"నాకా? తుమ్మైనా తుమ్మలేదే బాబూ" అంది. చీపురు గోడకానించి కాసేపు ఆలోచించి, "శ్రావణమాసంలో ఓ వారం పులుసులో ఉప్పు తగల్లేదని కోడల్ని తిట్టిపోశా. రెండుసార్లు వేసింది పాపం" అంది. నవ్వేశా గానీ, ఆ నవ్వు ఎక్కువసేపు నిలవలేదురా. ఆ రోజుల్లో ఎన్-95లు లెక్కపెట్టి డాక్టర్లకిచ్చేవాళ్లు, ల్యాబులో మాకూ ఒకటి దొరికేది. ఆమెకి గుడ్డ మాస్కు. మంచం కింద కఫం గిన్నె తీసేది మాత్రం ఆమే.

అంతా మాస్కుల పాపమే అని నేను వాదిస్తూ తిరుగుతుంటే, ఫిబ్రవరిలో ఐసీఎంఆర్ (దేశ వైద్య పరిశోధన మండలి) మూడో యాంటీబాడీ సర్వే లెక్కలొచ్చి నా నోరు సగం మూయించాయి. దేశంలో ఆసుపత్రి సిబ్బందిలో 25.7 శాతం మందికి యాంటీబాడీలున్నాయి, బయట జనంలో 21.4 శాతానికి. డాక్టర్లు, నర్సులకి 26.6 అయితే ఆఫీసు స్టాఫుకి 24.9! రోగి ముఖం చూడనివాళ్లకీ దాదాపు అంతే. మా సంగతే చూడు, పీపీఈ కిట్ విప్పి, చెమటకి ముద్దయిపోయి, ఆరుగురం ఒకే క్యారేజీ చుట్టూ చేరి గోంగూర పచ్చడి పంచుకునేవాళ్లం. అక్కడెవడికిరా మాస్కు?

మొన్న జూన్-జులై సర్వేలో సిబ్బందికి 85.2, జనానికి 67.6. ఇందులో టీకా వాటా ఉంది. యాంటీబాడీ టెస్టు కిట్ల మతలబూ ఇక్కడే. కోవిషీల్డ్ మన ఒంటికి వైరస్ పైన ముళ్లలా ఉండే స్పైక్ ప్రోటీన్ ఒక్కటే చూపిస్తుంది. వైరస్ లోపలుండే న్యూక్లియోక్యాప్సిడ్ ప్రోటీన్ మీది యాంటీబాడీలు వెతికే కిట్లో కూడా పాజిటివ్ వస్తే అది వైరస్ పనే. కోవాగ్జిన్ వాళ్ల దగ్గర ఈ కిటుకు చెల్లదు, అందులో ఉండేది చంపిన వైరస్ మొత్తం. పోయిన వారం నా రక్తం రెండింటి మీదా పెట్టా. స్పైక్ పాజిటివ్, రెండోది నెగటివ్. తప్పించుకున్నట్టే ఉన్నా. కాకపోతే ఆ రెండో రకం యాంటీబాడీలు రోజులు గడిచేకొద్దీ తగ్గిపోతాయి, మరీ ఎగరడానికి లేదు.

అన్నట్టు, ఆయమ్మ ఆ రిపోర్టు ప్రింటు అడిగి మరీ పట్టుకెళ్లింది. అందులో ఒక్క ముక్క చదవలేదు. "నాకెందుకు బాబూ, కోడలికి చూపించాలి" అంది.

మిషను ఆగింది, ఉంటా. అమ్మని అడిగానని చెప్పు.

నీ
బాబ్జీ