రంగు మార్చే ప్రకటనల సవరణ ఏమైంది?

కేంద్ర ఆరోగ్య శాఖ మంత్రి గారికి,

నమస్కారం. ఒంటి రంగు తెల్లబరుస్తామని ప్రకటన ఇస్తే మొదటిసారికే రెండేళ్ల వరకు జైలు, 10 లక్షల వరకు జరిమానా అంటూ 2020 ఫిబ్రవరిలో మీ శాఖ ముసాయిదా తెచ్చింది. మాయమందుల ప్రకటనలను అడ్డుకునే 1954 చట్టానికి ఆ సవరణ ఎందాకా వచ్చిందండీ? అదే ఏడాది ‘ఫెయిర్ అండ్ లవ్లీ’ మాత్రం ‘గ్లో అండ్ లవ్లీ’ అయిపోయింది. పేరు మార్చుకోవడం తేలికే కదా!

మా అమ్మాయికి తొమ్మిదేళ్లు, చామనఛాయ. బడి వార్షికోత్సవంలో రాధ వేషం అడిగితే వెనక వరసలో నిలబెట్టారు. “నలుపు నారాయణ మెచ్చు” అని నాయనమ్మ సముదాయిస్తే, “నారాయణుడు మా టీచర్ కాదుగా” అంది.

తెల్లబడాలని పూసుకునే స్టెరాయిడ్ క్రీములు చర్మాన్ని పలచబరుస్తాయి. డాక్టరు చీటీ లేకుండా అమ్మే షాపుల్లో తనిఖీలైనా చేయించండి.

ఇట్లు,
ఒక తల్లి